పూడ్చిన ఎద్దు

ఖానాపూర్ నుంచి జన్నారం వైపు పోయే బస్సుకు రేగులపల్లె దగ్గర ఆగే చోటు లేదు. చెయ్యెత్తితే ఆపేవాళ్లు ఆపుతారు, లేనివాళ్లు పోతారు. పొద్దున మొదటి బస్సు నడిపే డ్రైవరు మాత్రం రోడ్డు మీద ఎవరూ లేకపోయినా అక్కడ ఒకసారి హారను కొట్టి, అర నిమిషం చూసి గాని పోడు. ఒక వానాకాలం ఆ బస్సు చక్రం బురదలో దిగబడితే హనుమండ్లు తన ఎడ్లను కట్టి లాగించాడు. డ్రైవరు ఇవ్వబోయిన చాయ్ పైసలు తీసుకోలేదు. అప్పటి నుంచి ఆ హారను హనుమండ్లుకే.

హనుమండ్లు యాభై దాటిన మనిషి. బక్కపలుచగా, పొడుగ్గా ఉంటాడు. వాగు పక్కన కొంత చెలక భూమి, ఒక జత ఎడ్లు, భార్య సత్తమ్మ ఆయన సంసారం. ఆడపిల్లలిద్దరికీ పెళ్లిళ్లయి, ఒకరు లక్సెట్టిపేటలో, ఒకరు నిర్మల్‌లో ఉంటారు. పడుచుతనంలో మస్కట్ పోయి ఎడారిలో ఒంటెలు కాశాడు. అక్కడ మాట్లాడే మనిషి దొరకక ఒంటెలతోనే తెలుగులో కష్టం సుఖం చెప్పుకునేవాడట. తిరిగి వచ్చాక ఆ అలవాటు ఎడ్ల మీదికి మళ్లింది. కొట్టంలో గడ్డి వేస్తూ ఊరి సంగతులన్నీ వాటికి చెప్తాడు. "నాకు చెప్పని ముచ్చట్లు గుడ ఎడ్లకు జెప్తడు. నాకేమన్న తెల్వాలంటే కొట్టం ఎనుక నిలవడాలె" అని సత్తమ్మ నవ్వుతుంది.

ఆ ఎడ్లలో ఒకటి ఎర్రది. రెండోది ఒంటి మీద తెల్లమచ్చలున్న బొల్లెద్దు. సత్తమ్మ చేతి కుడితి తాగి పెరిగింది. ఆమె గాజుల చప్పుడు వినిపిస్తే తల తిప్పేది.

చలికాలం పులుల లెక్క మొదలైనప్పుడు హనుమండ్లు అటవీశాఖలో వాచరుగా పోతాడు. ఈ సంగతి జరగడానికి రెండేళ్ల ముందు, కొంత దూరాన ఉన్న ఇంకో ఊళ్లో, అడవి పందుల కోసం మక్కజొన్న చేను చుట్టూ గుంజిన కరెంటు తీగకు ఒక పులి తగిలి చచ్చిపోయింది. దాన్ని రోడ్డు దాకా చేర్చడానికి బండి కావాలని హనుమండ్లును పిలిచారు. ఆ వాసనకు ఎడ్లు కదలలేదు. చివరికి మనుషులే మోశారు. హనుమండ్లు ముందు కొసన పట్టుకున్నాడు. నడుస్తున్నంతసేపూ పులి పాదం ఆయన భుజానికి తగులుతూనే ఉంది. ఇంటికి వచ్చి స్నానం చేసి, అన్నం ముందర కూర్చొని, లేచి పోయాడు. ఏటేటా ధర్మపురి పోయి నరసింహస్వామిని చూసివచ్చే ఇల్లు అది. స్వామి ముఖం అట్లా నేల మీద పడి ఉండడం చూశానని సత్తమ్మతో అన్నాడు. మరుసటి ఏడు వాచర్లు కావాలని ఊళ్లో అడిగినప్పుడు మొదట లేచి నిలబడింది ఆయనే.

అడవి మొదట్లో చెప్పులు విడిచి, "నరసింహా" అని నేలకు మొక్కి, మళ్లీ చెప్పులు వేసుకొని లోపలికి పోతాడు. లోపల ఉన్నంతసేపు పులి అనే మాట అనడు. మగదైతే పెద్దాయన, ఆడదైతే పెద్దమ్మ.

పులుల లెక్క అంటే కనబడిన పులినల్లా లెక్కపెట్టడం కాదు. కనబడనే కనబడవు. మొదట కొన్నాళ్లు ఎండ ఎక్కకముందే బండ్లబాటల వెంట, వాగుల వెంట నడవాలి. అడుగులు, చెట్టు బెరడు మీద గోళ్లతో గీరిన గుర్తులు, పడి ఉన్న పెంట చూసి ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో పట్టుకోవాలి. తరువాత అటువంటి చోట్ల బాటకు ఈ పక్కన ఒకటి, ఆ పక్కన ఒకటి, మోకాలెత్తున కెమెరాలు కడతారు. ముందర నుంచి ఏది పోయినా అవి వాటంతట అవే ఫొటో తీస్తాయి. మన వేలిముద్రల్లాగే ఒక పులి చారలు ఇంకో పులికి ఉండవు. ఒకే పులికి కూడా కుడిపక్క చారలు ఎడమపక్కకు ఉండవు. అందుకే రెండు కెమెరాలు. రెండు పక్కలా ఫొటో పడితేనే ఫలానా పులి ఉన్నదని రాస్తారు. అడుగులు చూశామని ఎంత చెప్పినా లెక్కలోకి రాదు.

రేగులపల్లె అడవికి బీటు ఆఫీసరు నర్మద. జగిత్యాల దిక్కు పిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరింది. స్కూటీ మీద వచ్చి, అది పోలేని చోట నడుస్తుంది. అడవిలో ఉన్నప్పుడు హనుమండ్లు ఆమెను మేడం అంటాడు, వాకిట్లోకి వస్తే బిడ్డా అంటాడు. ఆమె మాత్రం ఎక్కడైనా కాక అనే పిలుస్తుంది. తన డబ్బాలో సగం అన్నం తీసి ముందు ఆయన మూతలో పెట్టిగాని తను తినదు.

ఆ ఏడు వానలప్పుడు నది అవతలి నుంచి ఒక ఆడపులి ఇటు వచ్చింది. వాగు ఇసుకలో దాని అడుగులు హనుమండ్లే మొదట చూశాడు. మాఘమాసం వచ్చేసరికి ఆ అడుగుల పక్కన చిన్న అడుగులు కూడా కనిపించాయి. కానీ ఫొటో మాత్రం పడలేదు. కెమెరాల్లో ఎలుగుబంటి పడింది, చిరుత పడింది, దుప్పులు పడ్డాయి. తెల్లవారుజామున చెంబు పట్టుకొని పోతున్న వెంకటి కూడా పడ్డాడు.

వెంకటి సత్తమ్మకు చిన్నాయన కొడుకు. హనుమండ్లు చేను పక్కనే వాని చేను. ఆ ఫొటో సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చాడు.

"బావా, నన్ను గుడ లెక్కల రాసిన్రా ఏంది?"

"రాసినం. చారలు సరిగ్గ కనవడలే, ఇంకో పక్క గుడ కావాలన్నరు."

"నీ మొకం. మేడంకు జెప్పి తీపియ్యి బావా, ఇజ్జత్ పోతది" అని వెంకటి నర్మద చుట్టూ తిరిగి, ఆమె ఆ ఫొటో చెరిపేసేదాకా ఊరుకోలేదు.

ఫొటో పడకపోవడం హనుమండ్లుకు మాత్రం నవ్వులాట కాదు. వాగు వెంట యాసంగి మక్కలన్నీ కంకి పట్టి ఉన్నాయి. పందులు రాత్రికి రాత్రి మళ్లు మళ్లు పడగొడుతున్నాయి. ఎవరెవరు తీగలు గుంజారో ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. ఆడపులి ఫలానా వాగు వెంటనే తిరుగుతున్నదని ఫొటోతో రుజువైతే ఆ పక్క లైనుకు రాత్రిపూట కరెంటు ఆపుతామని పైవాళ్లు మాట ఇచ్చారు. అడుగులు చూసి ఆపమంటే ఒప్పుకోలేదు. ఊరంతా మోటార్లు ఆపుకోవాలంటే గట్టి ఆధారం కావాలన్నారు. అదీ న్యాయమే. కెమెరాలేమో ఇంక కొద్దిరోజుల్లో విప్పి ముందరి అడవికి తీసుకుపోతారు. ఆలోపల ఆ తల్లి ఒక్కసారి కెమెరా ముందర నిలబడకపోతే, పిల్లలను వెంటబెట్టుకొని ఏదో ఒక రాత్రి ఏదో ఒక తీగ మీద కాలు పెడుతుందని హనుమండ్లు భయం.

అందుకే ఆయన పంచాయతీ గద్దె దగ్గర నలుగురు కూడినప్పుడల్లా ఒకటే మాట చెప్పేవాడు. "పసురం సస్తే ముట్టద్దు. ఎక్కడిదక్కడనే ఉండనీయుర్రి. పెద్దమ్మ ఒక్కనాడే తినదు, మళ్లొస్తది. నాకు ఫోన్ జేసుర్రి, కెమెరా కడ్తం."

ఆ మాట విని నష్టపోయింది వెంకటి. సంక్రాంతికి ముందు వాని ఆవు గుట్ట కింద చచ్చిపడి ఉంటే, హనుమండ్లు దగ్గరుండి దాన్ని అట్లాగే వదిలేయించాడు. కెమెరాలో చిరుత పడింది. తరువాత కుక్కలు, గద్దలు. ఆ దారిన పోలేక వెంకటి భార్య కొన్నాళ్లు నీళ్లకు ఇంకో దారిన పోయింది.

ఒక సాయంత్రం మంద తిరిగి వచ్చినప్పుడు బొల్లెద్దు రాలేదు.

తెల్లవారగానే హనుమండ్లు, వెంకటి వెతకడానికి పోయారు. వాగు మలుపు దగ్గర మోదుగ పొదల్లో కనిపించింది. గొంతు దగ్గర కాట్లు. వెనుక తొడ దగ్గర కొద్దిగా తిన్నది. మిగతా ఒళ్లంతా అట్లాగే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. వెంకటి ఊళ్లోకి పోయి చెప్పాడు. సత్తమ్మ వచ్చి దాని తల ముందర కూర్చొని, చేత్తో కళ్లు మూసింది. పెద్దగా ఏడవలేదు. "నాయినా, నాయినా" అని మాత్రం అంటూ ఉంది.

మా వైపు పాత ఇళ్లలో దున్నిన ఎద్దు చస్తే ఈడ్చి పారెయ్యరు. ఇంటి మనిషి పోయినట్టే చేస్తారు. హనుమండ్లు తండ్రి కాలంలో పోయిన ఎడ్లన్నీ ఆ చెలక గట్టునే ఉన్నాయి. ఎవరూ ఎవరినీ ఇట్లా చెయ్యమని అడగలేదు. ఇద్దరు ముగ్గురు పారలు తెచ్చారు. పక్కింటి చంద్రవ్వ పసుపు తెచ్చింది. కొట్టు నడిపే ఆయన ఉప్పు బస్తా భుజం మీద వేసుకొని వచ్చి, గుంత పక్కన దించి పోయాడు. ఎద్దును గట్టు దాకా లాగి, సత్తమ్మ కొమ్ములకు పసుపు రాసి, నొసట కుంకుమ పెట్టింది. హనుమండ్లు బిడ్డ పెళ్లిలో తనకు పెట్టిన పంచెను ఇంటినుంచి తెచ్చి కప్పాడు. ఉప్పు చల్లి, గుప్పెడు జొన్నలు వేసి, గోవిందా అని మన్ను పోశారు. ఎండ నడినెత్తికి రాకముందే అంతా అయిపోయింది.

బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నప్పుడు వెంకటి పక్కకు వచ్చాడు. కాసేపు హ్యాండిలు కొట్టి నీళ్లు పోశాడు. తరువాత అన్నాడు.

"బావా, ఒక మాట అడుగుత, కోపం జేసుకోకు. నా ఆవునేమో కుక్కలకు, గద్దలకు ఇడ్శిపెట్టిపిచ్చినవు. నీ ఎద్దుకు పంచె గప్పినవు. నా ఆవు ఆవు గాదా?"

హనుమండ్లు చేతిలో నీళ్లు అట్లాగే కారిపోయాయి. అప్పటిదాకా ఆయనకు తట్టనే లేదు. ఎద్దు చచ్చింది, పూడ్చాలి, పూడ్చాడు. పొద్దుటి నుంచి చేతులు వాటంతట అవే పనిచేశాయి. ఊరందరికీ ముట్టద్దని చెప్పిన మనిషి, పులి మళ్లీ వచ్చే చోటును తానే ఖాళీ చేసిపెట్టాడు.

"తప్పయింది వెంకటీ" అన్నాడు.

"నేను తప్పని అంటలేను. అడుగుతున్న, గంతే" అని వెంకటి తువ్వాల అందించాడు.

అంతలోనే నర్మద వచ్చింది. పొద్దున వెంకటి చేసిన ఫోను విని కెమెరాలు సంచిలో వేసుకొని, ఇంకో బీటు నుంచి అంత ఎండలో వచ్చింది. గట్టు మీద కొత్త మన్ను, మీద వెలిగించిన అగరువత్తులు చూసి ఆగిపోయింది. సంచి కింద పెట్టి, బూట్లు విప్పి మొక్కింది. హనుమండ్లే అన్నాడు.

"బిడ్డా, నేనే ఆగం జేసిన. పొద్దుగూకి పెద్దమ్మ మళ్ల వస్తది. ఏముండది. ఆకలి మీద ఇంకింత ముంగటికి వస్తది. ముంగట అన్నీ మక్కలే."

"నువ్వు పరేషాన్ గాకు కాకా. సార్‌కు జెప్పి రాత్రి ఇద్దరు ముగ్గురిని ఇటు తిప్పిపిస్త."

"తీగలు ఎన్నని ఎతుకుతరు బిడ్డా?"

నర్మద సంచి మళ్లీ భుజాన వేసుకుంది.

ఇంటికి పోయారు. కొట్టంలో ఎర్రెద్దు గడ్డి ముట్టలేదు. సత్తమ్మ గడపలో కూర్చొని ఉంది. హనుమండ్లు ఆమె దగ్గరికి పోయి, మెల్లగా అన్నాడు.

"సత్తీ, దాన్ని మళ్ల తీద్దామని అనుకుంటున్న."

"దేన్ని?"

"బొల్లెద్దును. దొర్కిన కాడికి తీస్కపోయి ఆణ్నే ఎద్దామని."

సత్తమ్మ లేచి నిలబడింది. "నీ నోట్ల మన్నుబడ! పసుపు కుంకుమ వెట్టి గోవిందా అన్నంక తీస్తరా? ఎవలన్న తీసిన్రా? నీకేమన్న మతి ఉన్నదా?"

ఆమె గబగబా లోపలికి పోయింది. గిన్నెల చప్పుడు కొంతసేపు గట్టిగా వినిపించింది. తరువాత జొన్నరొట్టె, పప్పు పళ్లెంలో పెట్టుకొని వచ్చి నర్మద ముందర పెట్టింది. "తిను బిడ్డా. పొద్దుగాల్నుంచి ఏం తిన్నవో ఏమో."

"ఇయాల మీ ఇంట్ల..." అని నర్మద సంకోచించింది.

"ఇంట్ల ఎద్దు వోయింది, నీ కడుపేం జేసింది? తిను."

నర్మద తింటుంటే సత్తమ్మ పక్కన కూర్చుంది. ఇంత మజ్జిగ పోసింది. కొంతసేపయ్యాక అడిగింది.

"నిజంగనే పిల్లలున్నయా దానికి?"

నర్మద ఎడమచేత్తో ఫోను తీసి చూపించింది. తడి ఇసుకలో పెద్ద అడుగు. దాని పక్కన, చాయ్ కప్పు బోర్లించినంత చిన్న అడుగు. ఇంకొంచెం ముందర ఇంకొకటి, కాలు జారినట్టు పక్కకు పోయి.

సత్తమ్మ ఫోనును దగ్గరికి తీసుకొని చాలాసేపు చూసింది. "గింతగింత ఉన్నయి. ఇంక పాలే తాగుతున్నయా?"

"మాంసం రుచి చూస్తుండొచ్చు చిన్నమ్మా. పాలు మాత్రం ఇడువలేదు గావచ్చు."

సత్తమ్మ ఫోను తిరిగి ఇచ్చి, పళ్లెం తీసింది. కొట్టం దాకా పోయి, ఎర్రెద్దు గంగడోలు నిమిరి, అక్కడి నుంచే భర్తతో అంది.

"చంపనైతే చంపింది. ఇంక అదేం తిరిగొస్తదా? చంపినాక తినకపోతే మాత్రం నా ఎద్దు ఉత్తగ సచ్చినట్టే గదా."

హనుమండ్లు తల ఎత్తి చూశాడు.

"తియ్యుర్రి. పంచె నేనే తీస్త, ఎవలు ముట్టద్దు. తమ్మిని పిలువు, మొదటి పార వాడే వట్టాలె. వాని ఆవును ఇడ్శిపెట్టిపిచ్చినం మనం."

వెంకటిని పిలవడానికి పోనక్కరలేదు. వాడు పార భుజాన వేసుకొని దారిలోనే ఎదురయ్యాడు. ఎందుకు వచ్చావని ఎవరూ అడగలేదు.

ఈ సంగతి ఊళ్లో తెలిసి కొందరు గట్టు దగ్గరికి వచ్చి దూరంగా నిలబడ్డారు. ఊరి పెద్ద రాయమల్లు కర్ర పొడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. పొద్దున గుంత కొలిచి చూపించింది ఆయనే.

"ఏందిరా హనుమండ్లు, పెట్టిన చేతుల్తోనే తీస్తవా? ఊరికి మంచిదేనా ఇది?"

"తాతా, పెట్టుడే తప్పయింది. బువ్వ తినేటోళ్ల ముంగటికెల్లి ఇస్తారి గుంజుకున్నట్టయింది. బాలింతరాలు అది. మళ్ల ఇస్తారి ఏస్తున్న, గంతే."

రాయమల్లు ఆలోచిస్తూ నిలబడ్డాడు. గడ్డం గోక్కున్నాడు. అందరూ ఆయన ఏమంటాడా అని చూస్తున్నారు.

"మరి ఉప్పు చల్లితిరి గదరా" అన్నాడు చివరికి. "ఉప్పు నోట్లె వెట్టుకుంటదా అది? నీళ్లు తెచ్చి కడుగుర్రి ముందుగాల."

ఆ మాటతో దూరంగా నిలబడినవాళ్లలో ఇద్దరు బిందెల కోసం పోయారు.

వెంకటి మొదటి పార వేశాడు. మన్ను ఇంకా వదులుగానే ఉంది. పంచె కనిపించగానే అందరూ పక్కకు జరిగారు. సత్తమ్మ గుంతలోకి దిగి, పంచెను మెల్లగా తీసి, మన్ను దులిపి మడిచింది. కొమ్ముల పసుపును చెంగు తడిపి తుడిచింది. "పోయిరా నాయినా" అని పైకి వచ్చి, వెనక్కి చూడకుండా ఇంటికి పోయింది. తాళ్లు కట్టి, మనుషులే లాగి, మోదుగ పొదల్లో ఎక్కడ దొరికిందో అక్కడే పడుకోబెట్టారు. వాగునుంచి నీళ్లు తెచ్చి ఉప్పు పోయేదాకా కడిగారు. నర్మద, హనుమండ్లు రెండు పక్కలా చెట్లకు కెమెరాలు కట్టారు. ఎండ ఇంకా చెట్ల మీద ఉండగానే అందరూ అక్కడి నుంచి వచ్చేశారు.

మరునాడు కెమెరాలు చూస్తే నక్కలు మాత్రమే ఉన్నాయి. ఆ మరునాడు నక్కలతో పాటు ఒక పంది. ఎద్దు వాసన వాగు దాటి వస్తోంది. నర్మద పైకి ఫోను చేసి, కెమెరాలు విప్పడానికి ఇంకొంచెం గడువు అడిగింది. రాత్రి తిరగడానికి వచ్చిన సిబ్బంది చలికి వణుకుతుంటే చంద్రవ్వ తన ఇంటి ముందర పొయ్యి వెలిగించి చాయ్ పోసింది. హనుమండ్లు పూజ దగ్గర కూర్చున్నాడు గాని నోట నరసింహా అన్న మాట తప్ప ఏమీ రాలేదు.

"పంచె తీసినందుకు ఎద్దు అలిగిందా, ఉప్పు వెట్టినందుకు పులి అలిగిందా బావా?" అని పంచాయతీ గద్దె దగ్గర వెంకటి నవ్వించబోయాడు. హనుమండ్లు నవ్వలేదు. వెంకటి కూడా ఆపేసి, ఆయన పక్కనే గద్దె మీద కూర్చున్నాడు.

తరువాతి పొద్దున మోదుగ పొదల్లో ఎద్దు ఉన్నచోట లేదు. వాగు వైపు ఈడ్చుకుపోయిన చార ఉంది. హనుమండ్లు కెమెరాలు విప్పి, లోపలి కార్డులు తీసి నర్మదకు ఇచ్చాడు. ఆమె ల్యాప్‌టాప్ హనుమండ్లు వాకిట్లో మంచం మీద పెట్టి తెరిచింది. సత్తమ్మ, వెంకటి, రాయమల్లు వెనుక నిలబడ్డారు.

పొద్దు వాలుతున్నప్పటి ఫొటో. వెలుతురు ఇంకా ఉంది. ఆడపులి ఎద్దు దగ్గరికి వచ్చి ఆగింది. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. కుడిపక్క చారలు ఒక కెమెరాలో, ఎడమపక్క చారలు ఇంకో కెమెరాలో పడ్డాయి. తరువాతి ఫొటోలో తల్లి తోక వెనుక ఒక పిల్ల. ఆ తరువాతి దానిలో ఇంకో పిల్ల, ఎద్దు వీపు మీద ముందరి కాళ్లు పెట్టి.

హనుమండ్లు రెండు చేతులూ జోడించాడు.

నర్మద ఆ చారలను ఇదివరకటి పులుల ఫొటోలతో ఒక్కొక్కటే పోల్చింది. "ఈ దిక్కు ఎక్కడ లేదు కాకా. కొత్తది. నంబరు ఇస్తరు."

"పిల్లలకు గుడ ఇస్తరా?" అని సత్తమ్మ అడిగింది.

"ఏడాది నిండనివి లెక్కలకు రావు చిన్నమ్మా."

"గదేం లెక్క! మన తొట్లెల పిల్ల ఇంట్ల మనిషి గాదా?"

"బతుకుతయో బతకయో అని రాయరు."

"అయితే మనం రాసుకుందాం తీయ్" అని సత్తమ్మ ఎర్రెద్దుకు కుడితి కలపడానికి పోయింది.

వెంకటి మాత్రం ఫొటో దగ్గరి నుంచి కదలలేదు. "బావా, ఇది ఎటుమొకాన వచ్చింది?"

"వాగు మలుపుకెల్లి. నీ చేను గట్టు వెంబడి."

వెంకటి తల ఊపి పోయాడు.

ఆ రోజే నర్మద ఫొటోలు పైకి పంపింది. మరునాటి నుంచి వాగు పక్క లైనుకు పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా కరెంటు ఆపారు. అటవీశాఖ వాళ్లు, కరెంటు వాళ్లు కలిసి చేలల్లో తిరిగారు. ఎవరి తీగ వాళ్లే తెచ్చి పడేస్తే ఏమీ అడగమన్నారు. పంచాయతీ గద్దె పక్కన చుట్టలు చుట్టలుగా తీగలు పడ్డాయి. పడేసినవాళ్లు ఆగకుండా పోతున్నారు, చూసినవాళ్లు చూడనట్టు పక్కకు తిరుగుతున్నారు.

వెంకటి తన చుట్టను హనుమండ్లు వాకిట్లోకే తెచ్చాడు. గడ్డివాము కింద దాచిందేమో, దానికి గడ్డి అంటుకొని ఉంది.

"మలుపు కాడ గుంజిన బావా."

హనుమండ్లు దాని వైపు చూశాడు.

"ఎద్దును తీసిననాటికెల్లి కరెంటు ఇయ్యలే. ఎందుకో చెయ్యి రాలే" అని వెంకటి చుట్టను గోడకు ఆనించి, కింద కూర్చొని బీడీ వెలిగించుకున్నాడు.

సత్తమ్మ లోపలి నుంచి గ్లాసులో చాయ్ తెచ్చి ఇచ్చింది. "తాగు తమ్మీ. మరి నీ మక్కలెట్ల?"

"ఎట్లేంది, మంచెక్కి ఒర్రుడే, డబ్బ గొట్టుడే."

ఊళ్లో గొణుగుడు లేకపోలేదు. రాత్రి మోటార్లు నడవక పగలే నీళ్లు పారించుకోవలసి వచ్చింది. పందులకు కరెంటు లేదన్న సంగతి ఎట్లా తెలిసిందో అని తిట్టుకున్నారు. పాత మంచెలు మళ్లీ సవరించుకున్నారు. డబ్బాలు, పళ్లాలు చేలల్లోకి పోయాయి. వెంకటి చేను, హనుమండ్లు చేను పక్కపక్కనే కనుక ఇద్దరికీ ఒకటే మంచె వేసుకున్నారు. సత్తమ్మ ఇద్దరికీ కలిపి రొట్టెలు కట్టి పంపింది.

పొద్దుగూకుతోంది. వాగు అవతల అడవి నల్లబడుతోంది. ఇద్దరూ మంచె ఎక్కి, గొంగడి పరుచుకొని కూర్చున్నారు. మక్కల్లో ఎక్కడో ఆకులు కదిలాయి. వెంకటి లేచి నూనె డబ్బా మీద కట్టెతో బలంగా కొట్టాడు.

"ఓ పందులాలా! కరెంటు లేదని సంబురపడుతున్నరా? మా బావ ఉన్నడీడ! కంకి ముట్టిన్రంటే మీ ఫొటో గుడ తీపిస్త!"

ఆ కేక గుట్టకు తగిలి తిరిగి వచ్చింది.

"జర మెల్లగ ఒర్రరా" అన్నాడు హనుమండ్లు. "అవుతల పిల్లలు పండుకున్నయేమో."

వెంకటి ఆయన ముఖంలోకి చూశాడు. తరువాత డబ్బాను ఊరి వైపు తిప్పి పెట్టుకొని, గొంతు కొంచెం తగ్గించి, మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు.